తిరిగి రాని రోగి

“రోగి తిరిగి రాలేదు.” ఆసుపత్రి పుస్తకములలో తఱచుగా కానవచ్చు నీ వాక్యము మిక్కిలి చిన్నది. దీనిని వ్రాయువాని మనస్సులో దోషారోపణ మేమియు నుండకపోవచ్చును. అయినను భాషకు తనదైన తీర్పు కలదు. “రాలేదు” అనగా రావలసినవాడు రాలేదనియే యర్థము. రావలసిన బాధ్యత వానిదే యనియు, వైద్యుడు తన స్థానమున సిద్ధముగానే యుండెననియు నా మాటలో నిమిడియున్నది. ఈ తీర్పు న్యాయమైనదా యని విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. ముసలివారి కంటిజబ్బులను ఇందు కుదాహరణముగా గ్రహించెదను. ఏలయన, ఆ విషయమున నేనును ముద్దాయిలలో నొకడను.

కంటిజబ్బులు రెండు తెగలు. ఒకటి పోగొట్టదగినది, రెండవది కావలి కాయదగినది. శుక్లము మొదటి తెగలోనిది. వయసు మీఱిన కొలది కంటిలోని కటకము మసకబాఱును. దానిని తీసి కృత్రిమ కటకము నమర్చినచో చూపు మరల వచ్చును. నీటికాసులని మనవారు పిలుచు గ్లాకోమా రెండవ తెగలోనిది. అందు సాధారణముగా కంటిలోని ఒత్తిడి హెచ్చి, కంటినుండి మెదడునకు పోవు నరము కొద్దికొద్దిగా నశించును. చాలమందికి నొప్పి యుండదు. చూపు మొదట ప్రక్కలనుండి తఱుగును. నడిమిచూపు కడపటివఱకు నిలుచును. కావున రోగికి తన నష్టము తెలియనే తెలియదు. పోయిన చూపును తిరిగి తెచ్చు నుపాయము నేటికిని లేదు. ఉన్నదానిని నిలుపుకొనుటకు మాత్రము చుక్కల మందును, లేజరును, శస్త్రచికిత్సయు కలవు.

చక్కెరజబ్బువలన రెటీనాకు కలుగు కీడును ఇట్టిదే. చూపు బాగుగనే యున్నను ఆ జబ్బు గలవారు ఏటేట రెటీనాను పరీక్ష చేయించుకొనవలయును. వార్ధక్యమున రెటీనా నడిమిభాగము క్షీణించి, అచట క్రొత్త రక్తనాళములు మొలచి స్రవించు రోగ మింకొకటి కలదు. 2006 ప్రాంతమునుండి దానికి మేలైన ఇంజెక్షనులు వచ్చినవి. కాని రోగము శాంతించిన పిమ్మటను, అది మరల మేల్కొనునేమో యని నెలల తరబడి చూచుచుండవలయును. కౌండిన్య అభయారణ్యపు టంచున పొలము గల పలమనేరు రైతునకు ఈ భేదము నెవరును బోధింపనక్కఱలేదు. ఏనుగులను ఒక రాత్రి తఱిమినంతమాత్రమున పంట దక్కదు; కోతవఱకును కావలి కాయవలయును.

మన దేశమున కంటివైద్యము ప్రధానముగా శుక్లమును ఎదుట నుంచుకొని పెరిగినది. 1976లో అంధత్వనివారణమునకై జాతీయ కార్యక్రమము ఏర్పడెను. ఆ యేడే డాక్టరు జి. వెంకటస్వామి మదురైలో పదునొకండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని నెలకొల్పెను. పల్లెపల్లెను శిబిరములు వెలసినవి. లక్షలాది వృద్ధులకు చూపు మరల వచ్చినది. ఈ ఘనకార్యమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. అయితే ప్రతి పనియు తనతోపాటు ఒక కొలబద్దను తెచ్చును. శుక్లవైద్యము తెచ్చిన కొలబద్ద శస్త్రచికిత్సల సంఖ్య. ఇన్ని కన్నులకు చూపు తెచ్చితిమని లెక్క చెప్పవచ్చును గాని, ఇన్ని కన్నులు పోకుండ కాచితిమని లెక్క చెప్పుట కష్టము. లెక్కకు రాని పని క్రమముగా బాధ్యతనుండియు జారిపోవును.

ప్రాచీనుల దృష్టి యిట్లు లేదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున డెబ్బదియాఱు నేత్రరోగములు వర్ణింపబడినవి. శుక్లమునకు చేయు శస్త్రకర్మమును చెప్పిన ఆచార్యుడు శస్త్రమును దించినంతనే విరమింపడు. రోగి యెట్లు పరుండవలయునో, తుమ్ము దగ్గుల నెట్లు ఆపుకొనవలయునో, మూడేసి దినముల కొకమాఱు కంటిని కషాయముతో నెట్లు కడుగవలయునో, పదిదినము లెట్టి నియమముతో నుండవలయునో విధించును. ఆ చికిత్స నేటి చికిత్సకు సాటిరాదు. అయినను శస్త్రము తరువాతి దినములుకూడ వైద్యములోని భాగమే యను భావము అందు స్పష్టముగా నున్నది.

ఇక నా సంగతి. మా పెద్దమ్మ పలమనేరునకు ఆమడ దూరమున నొక పల్లెలో నుండును. తల్లి లేని నన్ను పెంచినది ఆమెయే. భర్త గతించిన పిమ్మట రెండావుల పాడియే ఆమెకు జీవనాధారము. ఏడెనిమిది ఏండ్ల క్రిందట శుక్లము తీయించుటకై ఆమెను ఒక పెద్ద ఆసుపత్రికి కొనిపోతిని. శుక్లమును చక్కగా తీసిరి. అచటి డాక్టరు నీటికాసులుకూడ నున్నవని కనిపెట్టి, రాత్రిపూట వేసికొను చుక్కల మందు వ్రాసియిచ్చి, నాలుగు నెలల కొకసారి రమ్మనెను. రెండు పర్యాయములు పోతిమి. తెల్లవాఱకముందే ఆవులను పిండి, బస్సెక్కి, వరుసలో కూర్చుండి, తిరిగి యిల్లు చేరునప్పటికి సాయంకాలపు పాలవేళ దాటిపోయెడిది. మూడవ పర్యాయము బడిలో పరీక్షల దినములు. నాకు సెలవు దొరకలేదు. “వచ్చే నెల పోదాము పెద్దమ్మా” అంటిని. ఆమె నవ్వి, “కన్ను నొయ్యలేదు గదా నాయనా, మళ్లా ఎందుకు పోవల్ల? ఆవుల్ని ఎవురు పిండేది?” అనెను. ఆ మాట నాకు హాయిగా నుండెను. నా తప్పంతయు ఆ హాయిలోనే యున్నది.

మందు అయిపోయినది. అంగడివాడు ఇచ్చిన వేఱొక మందును కొంతకాలము వేసికొని, పిమ్మట దానినిగూడ ఆమె మానెను. నాలుగేండ్లు గడచినవి. ఒకనాడు ప్రక్కనే నిలిచియున్న దూడ ఆమెకు కానరాలేదు; దానిమీద తొట్రుపడి క్రింద పడెను. మరల ఆసుపత్రికి పోయితిమి. ఒక కంటినరము దాదాపుగా నశించినదనియు, రెండవ కంట నడిమిచూపు మాత్రమే మిగిలినదనియు చెప్పిరి. డాక్టరు పాత కాగితములు త్రిప్పి, “మీరు తిరిగి రాలేదు గదా” అనెను. కోపముతో ననలేదు, ఉన్నమాటయే చెప్పెను.

తప్పెవరిది? మొదట పెద్దమ్మను విచారింతము. నొప్పి లేనిచో రోగము లేదని ఆమె తలచెను. ఇది మూఢత్వము కాదు. శరీరము మనకు వార్తలు పంపు మార్గములలో నొప్పియే ముఖ్యము. జన్మమంతయు నమ్మదగియుండిన ఆ వార్తాహరుడు ఈ యొక్క రోగమున మౌనము వహించునని ఎవరైన చెప్పినగాని తెలియదు. ఎవరు చెప్పిరి? డాక్టరు కన్ను పరీక్షించినది ఆమెది; మాటలాడినది నాతో. నేను తలయూచి వింటిని. బస్సులో ఆమె అడుగగా, “చుక్కలు మానవద్దన్నారు” అని మాత్రమే చెప్పితిని. పోయిన చూపు తిరిగి రాదన్న ముఖ్యమైన మాట ఆమె చెవిని పడనేలేదు. తెలిసి ఎన్నుకొనుటకు స్వాతంత్ర్య మని పేరు. తెలియక చేసినదానికి ఆమెనే బాధ్యురాలిని చేయుట న్యాయము కాదు.

రెండవవాడను నేను. తల్లిదండ్రులను ఆసుపత్రికి కొనిపోవుట పుత్రధర్మ మనియు, ఆ ధర్మము క్షీణించుటచేతనే యీ కష్టములన్నియు నని పెద్దలు కొందఱందురు. నామట్టుకు ఈ నింద తగినదే. కాని దీనినే లోకమునకంతకు వ్యవస్థగా చేయరాదు. మా పల్లెలలోని యువకులు పలువురు బెంగళూరులో కూలి చేయుచున్నారు. ఒకదినము పని మానిన ఒకదినపు కూలి పోవును. బిడ్డలు లేనివారును, ఉండియు లేనివారును కలరు. కొడుకునకు జీతముతోడి సెలవున్నగాని తల్లికి చూపు నిలువదనుట ధర్మము కాదు. అది అదృష్టమునకు పెట్టిన పేరు.

మూడవది వైద్యవ్యవస్థ. జీవితాంతము వేసికొనవలసిన మందును మొదటిసారి వ్రాసియిచ్చుట ఒక వాగ్దానము. “నీ కంటిని కాచెదను” అను మాట అందున్నది. ఆ మాట చెల్లుబడి యగుటకు, డెబ్బది యేండ్ల వృద్ధురాలు నాలుగు నెలల కొకసారి, తాను బ్రతికియున్నంతకాలము, ఒక దినపు సంపాదనను వదలి బస్సెక్కవలయునన్నచో, వాగ్దానము చేసినవారొకరు, దాని వెల చెల్లించువారొకరు. పలమనేరునుండి తిరుపతికి నూఱు కిలోమీటర్లకు పైబడును. అచట 2019లో అరవింద్ వారి ఆసుపత్రి వెలసినది. కుప్పమున వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. ఇవి యున్నందుకు సంతోషింపవలసినదే. ఒకసారి శస్త్రచికిత్సకై పోవుటకు ఈ దూరము దూరము కాదు. ఏటికి మూడు మాఱులు, ఇరువది యేండ్లు పోవలసినప్పుడు అదే దూరము కొండయగును. రానివారు వేఱు, రాలేనివారు వేఱు. పుస్తకమున ఇరువురకును ఒకే వాక్యము వ్రాయుచున్నాము.

ఆసుపత్రి రోగికడకు రాగలదా యని అడుగవచ్చును. మా పల్లె పాలకేంద్రమును చూడుడు. దినమునకు రెండుమాఱులు ఊరివారందఱు అచటికి పాలు తెత్తురు. ఒక చిన్న యంత్రముతో ఊరి పిల్లవాడే వెన్నశాతమును పరీక్షించి చీటీ యిచ్చును. అనుమానమున్న పాలను వేఱుగా నుంచును. పెద్ద పరీక్షలు పెద్ద డెయిరీలో జరుగును. ప్రతి యావునకు పాలను పట్టణమునకు మోసికొనిపోయి పరీక్ష చేయించుకొమ్మని చెప్పినచో ఈ సీమలో పాడియే యుండెడిది కాదు. అట్లే, కంటి ఒత్తిడిని కొలుచుట, చూపు పలకను చదివించుట, రెటీనా ఛాయాచిత్రము తీయుట, చుక్కలు సరిగా వేసికొనుచున్నారో లేదో చూచుట దగ్గఱలోనే జరుగవచ్చును. చూపుయొక్క విస్తీర్ణమును కొలుచుట, మందు మార్చుట, లేజరు, శస్త్రము, ఇంజెక్షను ఆసుపత్రిపని. హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ సుమారు ఏబదివేల జనులకొక దృష్టికేంద్ర ముండవలెనని పథకము వేసి, స్థానిక యువతీయువకులకు శిక్షణమిచ్చి నడపుచున్నది. అనగా ఇది స్వప్నము కాదు.

దీనికి చెప్పు ఆక్షేపణలలో మిక్కిలి బలమైన దొకటి కలదు. “పట్టణవాసికి నిపుణుడు, పల్లెవానికి సహాయకుడా? దగ్గఱ యనుపేరట పేదలకు తక్కువ వైద్య మిచ్చుట కాదా?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దీనికి అనుభవమే ప్రత్యుత్తరమీయవలయును.

మన ప్రాంతముననే ఒక అనుభవము కలదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915 మొదలు క్షయరోగులకు ఆరోగ్యాశ్రమము నడచినది. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరాహారము గల అట్టి చోటులందే క్షయ కుదురునని లోకము నమ్మిన కాలమది. 1956లో మదరాసున నొక పరిశోధన మారంభమయ్యెను. నగరములోని పేదరోగులలో కొందఱిని ఆరోగ్యాశ్రమమునకు పంపిరి. కొందఱికి ఇండ్లలోనే మందులిచ్చిరి. ఇండ్లలోనివారికి తిండి తక్కువ, పని యెక్కువ, గదులు ఇఱుకు. అయినను 1959లో ఫలితములు ప్రకటింపగా, ఇంటివారు ఆశ్రమమువారికి ఇంచుమించు సమానముగనే కుదుటపడిరని తేలెను. ఇంటిలోనివారికి రోగము అంటుటయు అధికము కాలేదు. ప్రపంచపు క్షయవైద్యమే దీనివలన మార్గము మార్చుకొనెను. కాని యొక సంగతి మఱువరాదు. ఆ రోగులను ఇంటికి పంపి వదలివేయలేదు. పనివారు ఇండ్లకు పోయి, మందులు మ్రింగిరో లేదో విచారించిరి. గెలిచినది ఇల్లు కాదు, ఇంటివఱకు నడచిన ఆసుపత్రి.

రెండవ అనుభవము ఇంగ్లాండునుండి. రెటీనా నడిమిభాగపు రోగము శాంతించిన వృద్ధులను ఆసుపత్రిలోని నేత్రవైద్యులే చూడవలయునా, వీథిలోని కండ్లద్దాల దుకాణమున నుండు దృష్టిపరీక్షకులు చూడవచ్చునా యని అచట పరిశోధన చేసి 2016లో ప్రకటించిరి. నలువదియెనమండుగురు వైద్యులకును, నలువదియెనమండుగురు పరీక్షకులకును రోగుల ఛాయాచిత్రములను, వివరములను ఇచ్చి, రోగము మేల్కొన్నదో లేదో తేల్చుమనిరి. వైద్యుల నిర్ణయములలో నూటికి 85.4, పరీక్షకుల నిర్ణయములలో 84.4 సరియైనవిగా తేలినవి. పరీక్షకులు కొంచెము అతిజాగ్రత్త చూపి, మేల్కొనని రోగమును మేల్కొన్నదని శంకించిరి. కాని మేల్కొన్నదానిని పట్టుకొనుటలో వెనుకబడలేదు. ఇందుకుగూడ హద్దు కలదు. వారు చూచినది చిత్రములనేగాని ఎదుటనున్న మనుష్యులను కాదు. ఆ పరీక్షకులు విశ్వవిద్యాలయమున చదివి, ప్రత్యేకశిక్షణము పొందినవారు. కావున మన పల్లెలలో నాలుగుదినముల శిక్షణముతో ఎవరినైన కూర్చుండబెట్టవచ్చునని దీనివలన తేలదు. తగిన శిక్షణము, తగిన కొలత, వెనుక తగిన వైద్యుడు ఉన్నచో దగ్గఱితనము తక్కువతనము కాదని మాత్రము తేలును.

ఈ మూడును లేని దగ్గఱితనము ప్రమాదకరము. మా పెద్దమ్మకు అంగడివాడును దగ్గఱివాడే. ఎఱ్ఱకంటికని చీటీ లేకుండ అమ్ము చుక్కల మందులలో స్టెరాయిడు గలవి కొన్ని, దీర్ఘకాలము వాడినచో కంటి ఒత్తిడిని హెచ్చించి నీటికాసులను తామే పుట్టించును. కంటిలో ఆకుపసరు పోయువారును పొరుగువారే. దానివలన నల్లగ్రుడ్డు పుండుపడి పువ్వు వేయవచ్చును. ఊరు అనగా మంచివారి సమూహమని భావించి, బాధ్యతను గాలికి అప్పగించుట సంస్కరణము కాదు. ఎవరి చేతిలో నుంచితిమో వారికి విద్య యుండవలయును, వారిపై విచారణయు నుండవలయును.

ఈ వ్యవస్థను పరీక్షించుటకు నాకు తోచిన గీటురాయి యిది: నిపుణుడైన వైద్యుడు తన కన్నతల్లిని నిశ్చింతగా అప్పగింపగల యేర్పాటైనచో అది పల్లెకు తగును, కానిచో ఎవరికిని తగదు. అట్లే, ఆసుపత్రిపక్షమునకును ఒక ప్రశ్న కలదు. వైద్యుని తల్లి నాలుగు నెలల కొకసారి తెల్లవాఱుజామున బస్సెక్కవలసివచ్చినచో, ఆ నియమము ఎన్నాళ్లు నిలిచెడిది?

ధనము చాలదందురేమో. చాలకపోవచ్చును గాని, మార్గము తెలియదని మాత్రము చెప్పరాదు. 2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రమున అవ్వాతాతల కంటిపరీక్షలు మొదలైనవి. మఱుసటి నెలలోనే మహమ్మారి దేశమును ముంచెను. అట్టి పరీక్షలు అవసరము. 1996 మొదలు 2000 వఱకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి పరిశీలనమున నీటికాసులు గలవారిలో అత్యధికులకు ఆ సంగతి అంతకుముందు తెలియనే తెలియదని వెల్లడియైనది. కాని కనిపెట్టుట ఒకనాటి పండుగ, కాచుట నిత్యపూజ. 2024 జూలై మొదలు నాలుగువేల రూపాయల వృద్ధాప్యపు పింఛనును సచివాలయపు ఉద్యోగులు నెలనెలా ఇంటికి కొనివచ్చి యిచ్చుచున్నారు. ప్రభుత్వమునకు ప్రతి ముసలివాని గడపయు తెలియును. రూపాయలు నడచివచ్చు త్రోవన “చుక్కలు వేసికొనుచున్నావా అవ్వా?” అను ప్రశ్న యేల నడచిరాదు?

మా పెద్దమ్మ నేడు ఒక ఆవును మాత్రమే ఉంచుకొన్నది. పొదుగును చేతితో తడవి పిండును. నేను ఎదుట నిలిచినగాని నన్ను గుర్తింపదు. ప్రక్కనుండి పోయితినా, గాలి పోయినట్లే. నన్నామె ఒక్కమాటయు ననలేదు. అందువలన నా భారము తగ్గలేదు.

ఆ పల్లెలోని ఆశా కార్యకర్త నాకడ చదివిన పిల్ల. మే మిరువురము ఒక నోటుపుస్తకము కుట్టితిమి. చుక్కల మందు వాడు వృద్ధులు, చక్కెరజబ్బు గలవారు, శుక్లము తీయించుకొన్నవారు పదునేడుగురి పేర్లందులో నున్నవి. మందు ఎన్నడు అయిపోవునో, పరీక్ష ఎన్నడో వ్రాసియున్నది. ఆ తేదీకి మూడుదినములు ముందుగా ఆమె పోయి చెప్పును. తోడు లేనివారికి తోడు కుదుర్తుము. పాడి గలవారి పశువులను ఆనాడు ఎవరు పిండవలయునో నిర్ణయింతుము. రావద్దన్నవారిని బలవంతము చేయము. తెలియజెప్పి, మరల అడుగుదుము. ఇది వైద్యము కాదు, వైద్యమునకు ప్రత్యామ్నాయమును కాదు. దృష్టికేంద్రము వచ్చువఱకు చేయదగిన చిన్నపని. పాఠకులలో ఉపాధ్యాయులున్నచో తమ యూళ్లలో దీనిని చేయవచ్చును. దీనికి ఎవరి యుత్తరువును అక్కఱలేదు.

ఆ పుస్తకమునకు గీతలు గీయునప్పుడు, అలవాటుచొప్పున చివరి గడికి “రాలేదు” అని పేరు వ్రాసితిని. ఆ పిల్ల దానిని చూచి, కొట్టివేసి, “మేము పోలేదు” అని వ్రాసినది. నేను దిద్దలేదు.